45 ఏళ్ళకి ఐటీ ఉద్యోగం వదిలేసి గానుగ నూనె పెడదామనుకుంటున్నా, తిట్టేవాళ్ళు ముందు తిట్టేయండి

మియాపూర్_మూర్తి
ఐటీ సర్వీసెస్‌లో 21 ఏళ్ళయింది నాకు. ఇప్పుడు డెలివరీ మేనేజర్ అంటారు గానీ చేసే పని ఏంటంటే, పొద్దున పదకొండుకి ఒక ఎక్సెల్ షీటు, సాయంత్రం ఆరుకి ఇంకో ఎక్సెల్ షీటు, రాత్రి తొమ్మిదిన్నరకి ఆ రెండూ ఎందుకు కలవలేదో క్లయింటుకి సంజాయిషీ చెప్పుకోవడం. చేతికి 2 లక్షల 10 వేలు వస్తుంది. ఫ్లాటు లోను ఇంకా 38 లక్షలుంది, నెలకి 40 వేల చిల్లర కట్టాలి. అమ్మాయి ఇంటర్ ఫస్టియర్, అబ్బాయి ఎనిమిది. నాకు షుగర్, మాత్రలతో నడుస్తోంది.

మాది గిద్దలూరు పక్కన పల్లెటూరు. సంక్రాంతికి వెళ్ళినప్పుడు చిన్నాన్న గానుగాడించిన శనక్కాయ నూనె ఐదు లీటర్ల డబ్బా ఇస్తే తెచ్చుకున్నాం. ఆ నూనెతో చేసిన పులిహోర అపార్ట్‌మెంటులో నలుగురికి పెడితే వారంలో పదకొండు మంది నూనె కావాలని అడిగారు. అప్పట్నుంచి బుర్రలో పురుగు తొలుస్తోంది. సెలవు పెట్టి కోయంబత్తూరు వెళ్ళి చెక్క గానుగ మిషను చూసొచ్చా. పేరు అనుకున్నా, లోగో కూడా చేయించా. ఫండ్లలో, ఎఫ్‌డీల్లో కలిపి 32 లక్షల దాకా ఉంది, పీఎఫ్ వేరే. మా ఆవిడ మాత్రం ససేమిరా అంటోంది.

ఈ వయసులో ఇలా దూకినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి. మోటివేషన్ వద్దు, జరిగింది చెప్పండి చాలు.

అనుమానం_పక్షి
మిషను లేదు, షెడ్డు లేదు, లోగో వచ్చేసింది. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం.

బెజవాడ_బాబాయ్
21 ఏళ్ళు గానుగెద్దులా తిరిగావు, ఇప్పుడు గానుగకి ఓనరు అవుతానంటున్నావు. ప్రమోషనే కదా, కానివ్వు.

డల్లాస్_దొర
మీరు అదృష్టవంతులు సార్. మేం హెచ్1బి మీద ఉన్నాం, సొంతంగా వ్యాపారం నడుపుదామన్నా వీసా అంత తేలిగ్గా ఒప్పుకోదు. పద్నాలుగేళ్ళుగా గ్రీన్‌కార్డు క్యూలో నిలబడి ఇండియా వెళ్ళి ఏం పెడదామా అని లిస్టు రాసుకుంటున్నా. గానుగ నూనె నా లిస్టులో మూడోది.

అనుమానం_పక్షి
మొదటి రెండూ ఏంటి దొరా?

డల్లాస్_దొర
ఆవులు. రెండోది కూడా ఆవులే, వేరే జాతి.

నిద్రలేని_మేనేజర్
మూర్తి గారూ, ఫాల్గుణి నాయర్ కాస్మెటిక్స్ అమ్మే నైకా మొదలుపెట్టింది 2012లో, యాభైకి దగ్గర పడుతుండగా. మన దగ్గరే చూడండి, వరప్రసాదరెడ్డి గారు హైదరాబాదులో శాంతా బయోటెక్నిక్స్ పెట్టింది 1993లో, ఆయనకీ అప్పుడు మీ వయసే. నాలుగేళ్ళలో హెపటైటిస్ బి టీకా తెచ్చారు. వయసు అడ్డు కాదని చెప్తున్నా, అంతే.

పాతకాపు
ఆ రెండు పేర్లూ ప్రతిచోటా వస్తాయి. ఆవిడ కోటక్‌లో ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకు ఎండీగా చేసి వచ్చింది, పెట్టుబడి పెట్టేవాళ్ళంతా ఆవిడ ఫోన్ ఎత్తేవాళ్ళే. మన ఫోన్ ఎత్తేది క్రెడిట్ కార్డు అమ్మేవాళ్ళు. గెలిచినవాళ్ళ పేర్లే మనకి తెలుస్తాయి బాబూ, మూసేసినవాళ్ళు ఇంటర్వ్యూలు ఇవ్వరు.

మూసేసినవాణ్ణి నేనున్నాగా, నా కథ విను. బెంగళూరులో టెలికాం కంపెనీలో పద్దెనిమిదేళ్ళు చేసి 43కి మానేశా. టీ ఫ్రాంచైజీ తీసుకున్నా. ఫ్రాంచైజీ ఫీజు, ఇంటీరియర్, షాపు అడ్వాన్సు కలిపి 14 లక్షలు. వాళ్ళ షీటులో రోజుకి 600 కప్పులు రాసుంది, నేనూ మేనేజర్నే కదా, షీటు అందంగా ఉంటే నమ్మేశా. పట్టుమని 230 కప్పులు దాటిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. పక్కనే ఒకావిడ తోపుడుబండి మీద పది రూపాయల టీ అమ్మేది, మా కుర్రాళ్ళు కూడా అక్కడే తాగేవాళ్ళు. పదకొండు నెలలకి షట్టర్ దించా. మళ్ళీ ఉద్యోగంలో చేరితే పాత జీతంలో మూడో వంతు కోత, నాకంటే తొమ్మిదేళ్ళు చిన్నవాడు బాస్.

అన్నిటికంటే కష్టం ఏంటో చెప్పనా? నెలాఖరున జీతం మెసేజ్ వచ్చేది కదా, టింగుమని. మొదటి నెల అది రాకపోయేసరికి ఫోన్ పాడైందేమో అని నిజంగానే రీస్టార్ట్ చేశా.

మియాపూర్_మూర్తి
పాతకాపు గారూ, ఈ రీస్టార్ట్ మాట చదివి కాసేపు అలా కూర్చుండిపోయా.

కూకట్‌పల్లి_లలిత
నేను హెచ్ఆర్‌లో పదహారేళ్ళు చేసి 41కి మానేసి డే కేర్ పెట్టాను. ఆరేళ్ళయింది, నడుస్తోంది. మూర్తి గారి ఇంట్లో ఆవిడ ససేమిరా అన్నదని రాశారు, ఎందుకన్నదో ఒక్క ముక్క రాయలేదు. ఆవిడ దేనికి భయపడుతోందో అడిగారా, లేకపోతే కోయంబత్తూరు ఫోటోలు మాత్రమే చూపించారా?

మా ఇంట్లో గొడవ డబ్బు గురించి కాదు. మా ఆయన అన్నది ఒక్కటే, "ఎంత పోతే ఆపేస్తావో ఇప్పుడే చెప్పు" అని. నాకు కోపం వచ్చింది, మొదలుపెట్టకముందే ఆపడం గురించి ఏంటని. మూడు రోజులు మాట్లాడుకోలేదు. నాలుగో రోజు ఫ్రిజ్ మీద కాగితం అంటించాం, తొమ్మిది లక్షలు లేదా పద్దెనిమిది నెలలు, ఏది ముందొస్తే అది. ఎనిమిదిన్నర లక్షల దాకా వెళ్ళింది. పదిహేనో నెలలో ఖర్చులు గట్టెక్కాయి. ఆ కాగితం ఇంకా ఫ్రిజ్ మీదే ఉంది.

అనుమానం_పక్షి
మేడమ్, తొమ్మిది దాటితే నిజంగా ఆపేసేవారా?

కూకట్‌పల్లి_లలిత
ఏమో. గాజులు తాకట్టు పెట్టి ఇంకో మూడు నెలలు లాగేదాన్నేమో. నిజం చెప్తున్నా.

గానుగ_కడప
ఇంతమంది మాట్లాడుతున్నారు, నూనె గురించి ఒక్కరూ మాట్లాడలేదు. నేను కడపలో ఏడేళ్ళుగా గానుగ ఆడిస్తున్నా. ముందు చెన్నైలో ఒక కార్ల విడిభాగాల కంపెనీలో పర్చేజ్ మేనేజర్ని. అన్నా, నువ్వు లెక్క వేసుంటావు, ఆ లెక్క ఇక్కడ పెట్టు చూస్తా.

మియాపూర్_మూర్తి
లీటరు నూనెకి రెండున్నర కిలోల గుండ్లు (వలిచిన శనక్కాయ గింజలు), కిలో 120 వేసుకున్నా, 300. బాటిల్, మూత, లేబుల్ 16. అమ్మేది 340, అందులో జీఎస్టీ 5 శాతం తీసేస్తే 324 మనకి. నూనె తీశాక మిగిలే పిప్పి, అదే పశువులకి పెట్టే చెక్క, లీటరుకి 1.4 కిలోలు వస్తుంది, కిలో 40 చొప్పున 56 వెనక్కొస్తుంది. అంటే లీటరుకి 64 మిగులు. ఒక మిషను మీద రోజుకి 40 లీటర్లు, నెలకి 26 రోజులు.

గానుగ_కడప
లెక్క తప్పు లేదు. నేను వేసినా ఇంచుమించు ఇంతే వస్తుంది. 1040 లీటర్లు, 66 వేల చిల్లర. ఇప్పుడు షెడ్డు అద్దె హైదరాబాదులో 18 వేలకి తక్కువ దొరకదు, పనిమనిషికి 16 వేలు, కరెంటు 6 వేలు వేసుకో. మిగిలేది 26 వేలు. అందులో నీ జీతం లేదు, నీ బండి పెట్రోలు లేదు, పాడైన బస్తా లేదు.

సరే అది వదిలెయ్. నువ్వు నూనె కంపెనీ అనుకుంటున్నావు కదా, నీ లెక్కే మళ్ళీ చదువు. 64లో 56 చెక్కది. చెక్క అమ్ముడుపోకపోతే నీకు లీటరుకి మిగిలేది ఎనిమిది రూపాయలు. కడపలో నాకు చెక్క సమస్యే లేదు, పొద్దున ఆరింటికే బర్రెలవాళ్ళు సంచులు పట్టుకుని నిలబడతారు. మియాపూర్‌లో బర్రెలు ఎక్కడున్నాయన్నా? నెలకి టన్నున్నర చెక్క ఎక్కడ పెడతావు? వానాకాలంలో నాలుగు వారాలు అలా వదిలేస్తే బూజు పడుతుంది, బూజు పట్టిన చెక్క పశువుకి పెట్టకూడదు, పారబోయాల్సిందే.

మియాపూర్_మూర్తి
చెక్క గురించి ఒక వరుసలో రాసుకుని దాటేశా. ఎనిమిది రూపాయలు అనే అంకె ఇప్పుడే మొదటిసారి చూస్తున్నా. 21 ఏళ్ళు మార్జిన్లు చూసిన మనిషిని.

బెజవాడ_బాబాయ్
లోగోలో బర్రె బొమ్మ పెట్టించు, ఇంకా టైముంది.

గానుగ_కడప
నవ్వండి నవ్వండి. ఇంకోటి చెప్తా. మొదటి ఏడాది నాకు నిద్ర పట్టనివ్వనిది నురగ. గానుగ నూనెతో పూరీలు వేస్తే మూకుట్లో నురగ పొంగుతుంది, రిఫైన్డుకి అలవాటుపడ్డవాళ్ళకి అది కల్తీలా కనిపిస్తుంది. ఒకాయన, రిటైర్డు తహసీల్దారు, మూకుడు మూకుడే పట్టుకుని షాపుకొచ్చాడు, ఇంకా వేడిగా ఉంది, గుడ్డతో పట్టుకున్నాడు. "చూడు, సబ్బు కలిపావా ఇందులో" అని. పదిమంది కస్టమర్ల ముందు. అప్పటికప్పుడు లోపల స్టవ్ వెలిగించి, మా ఇంటికి పెట్టుకున్న డబ్బాలోంచే పోసి పూరీ వేసి చూపించా, అదే నురగ. మంట తగ్గించి, మూకుడు సగానికంటే తక్కువ నింపి మళ్ళీ వేశా, అదుపులోకొచ్చింది. ఆయన తిని వెళ్ళాడు. ఇప్పుడు నెలకి ఆరు లీటర్లు ఆయనవే. కానీ మూకుడు పట్టుకురాకుండా ఫోన్‌లో చెప్పుకుని మానేసినవాళ్ళు ఎంతమందో నాకు తెలీదు కదా.

గుంటూరు_టిఫిన్‌మాస్టర్
కడప అన్న చెప్పింది నిజం. నేను హోటల్లో గానుగ నూనె ఒక నెల ప్రయత్నించా, గారెలకి నురగ, పైగా రేటు. మళ్ళీ పామోలిన్. కస్టమరు ఆరోగ్యం గురించి మాట్లాడతాడు, గారె పావలా పెంచితే పక్క హోటలుకి పోతాడు.

నిద్రలేని_మేనేజర్
పావలా ఇంకా నడుస్తోందా గుంటూరులో?

గుంటూరు_టిఫిన్‌మాస్టర్
మాట వరసకి సార్. మీరు ఐటీవాళ్ళు ప్రతిదానికీ డేటా అడుగుతారు.

సీఏ_సుబ్బు
నూనె సంగతి కడప వారికి వదిలేసి నేను మానేసే రోజు గురించి చెప్తాను, ఎందుకంటే నా దగ్గరకొచ్చే వాళ్ళలో చాలామంది రిజైన్ చేశాకే వస్తారు.

అన్నిటికంటే ముందు హెల్త్ పాలసీ. మూర్తి గారికి షుగర్ ఉంది. కంపెనీ గ్రూప్ పాలసీ చివరి పనిదినంతో పోతుంది. బయట కొత్త పాలసీ తీసుకుంటే ముందునుంచీ ఉన్న జబ్బులకి మూడేళ్ళ దాకా వెయిటింగ్ పెట్టొచ్చు, అంటే అప్పటిదాకా వాటికి క్లెయిమ్ ఇవ్వరు. గ్రూప్ పాలసీలోంచి అదే బీమా కంపెనీ వ్యక్తిగత పాలసీకి మారే వీలుంటుంది, ఉద్యోగంలో ఉండగానే హెచ్ఆర్‌ని, బీమా కంపెనీని అడిగి కాగితం మీద తెచ్చుకోండి. ఇంకా మంచిది, ఇప్పుడే సొంతంగా ఒకటి తీసుకుని జీతం ఉండగానే వెయిటింగ్ కరిగించడం.

తర్వాత అప్పు. మీకు ఇవాళ ఏ బ్యాంకైనా ఎదురొచ్చి అప్పిస్తుంది. రిజైన్ చేసిన మర్నాటి నుంచి మీరు వాళ్ళకి కొత్త మనిషి, రెండు మూడేళ్ళ వ్యాపార రిటర్నులు చూపించమంటారు. హోమ్ లోన్‌ని ఓవర్‌డ్రాఫ్ట్ రకానికి (అదనంగా కట్టింది అవసరానికి మళ్ళీ తీసుకునే రకం) మార్చుకోవాలన్నా, అదే లోను మీద ఇంకొంత అప్పు, టాపప్ కావాలన్నా ఇప్పుడే. వాడకపోయినా పర్లేదు, తలుపు తీసి ఉంచండి.

పీఎఫ్ ముట్టుకోవద్దు. అందులోనే పెన్షన్ పథకం ఉంది, పదేళ్ళ సర్వీసు దాటినవాళ్ళకి 58కి పెన్షన్ వస్తుంది. చాలామంది మిషను కొనడానికి మొదట తీసేది అదే. గ్రాట్యుటీ మాత్రం మీ హక్కు, గ్రాట్యుటీ లెక్కలోకొచ్చే చివరి నెల వేతనాన్ని 26తో భాగించి 15తో గుణించి, ఆ కంపెనీలో చేసిన ఏళ్ళతో గుణించండి, వచ్చేది అది. 20 లక్షల దాకా పన్ను లేదు. ఒకే కంపెనీలో ఐదేళ్ళు నిండి ఉండాలి.

మియాపూర్_మూర్తి
ఈ కంపెనీలో తొమ్మిదేళ్ళు. సబ్సిడీ ఏదో 35 శాతం వస్తుందని మిషను అమ్మేవాడు చెప్పాడు, నిజమేనా సుబ్బు గారూ?

సీఏ_సుబ్బు
అది పీఎంఎఫ్ఎంఈ అనే కేంద్ర పథకం, చిన్న ఆహార యూనిట్ల కోసం 2020లో వచ్చింది. 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షలు, నూనె గానుగ అందులోకి వస్తుంది. ఇప్పుడు దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో జిల్లా పరిశ్రమల కేంద్రంలో అడగండి. కానీ మిషనమ్మేవాళ్ళు చెప్పనిది ఒకటుంది. అది బ్యాంకు లోనుతో ముడిపడిన సబ్సిడీ, సొంత డబ్బుతో కొనేస్తే రాదు. వచ్చినా మీ చేతికి రాదు, బ్యాంకులోనే పక్కన పెట్టి ఉంచుతారు, మూడేళ్ళు మీరు కంతులు సక్రమంగా కడితే అప్పులో సర్దుతారు. దాన్ని పెట్టుబడి కింద లెక్కేసుకోవద్దు.

జీఎస్టీ కూడా ఒక మెలిక. నూనె మీద 5 శాతం, మీ బాటిళ్ళ మీద మీరు కట్టేది 18. కొనేటప్పుడు ఎక్కువ కట్టి మిగిలిపోయిన పన్ను (ఇన్‌పుట్) రిఫండ్ అడగొచ్చు కదా అనుకుంటారు, వంట నూనెలకి 2022 జూలై 18 నుంచి ఆ రిఫండ్ లేదు.

గానుగ_కడప
సుబ్బు గారు చెప్పింది అక్షరాలా నిజం. నాకు ఈ సంగతి రెండేళ్ళ తర్వాత తెలిసింది.

మానిపించినవాడు
ఇంతసేపూ చదివా. అందరూ ఉద్యోగం ఒక గట్టు, వ్యాపారం ఒక ఏరు అన్నట్టు మాట్లాడుతున్నారు. నేను ఏమీ వదల్లేదు, నన్ను వదిలేశారు. 47. పొద్దున తొమ్మిదింటికి పదిహేను నిమిషాల కాల్, పదింటికి లాప్‌టాప్ లాక్. పద్నాలుగేళ్ళు చేసిన కంపెనీ. ఏడు నెలలు వెతికా. ఇంటర్వ్యూ చేసేవాడు నా రెజ్యూమే చూసి "సర్, యు ఆర్ ఓవర్ క్వాలిఫైడ్" అంటాడు, అంటే ముసలాడివి అని.

ఇప్పుడు మూడు చిన్న కంపెనీలకి పేరోల్ సాఫ్ట్‌వేర్ చూసిపెడుతున్నా, ఇంట్లోంచే. పాత జీతంలో సగం వస్తుంది. పెట్టుబడి లేదు, షెడ్డు లేదు. మూర్తి గారూ, నలభై అయిదు దాటాక ఉద్యోగం కూడా వ్యాపారంలాంటిదే, కాకపోతే కస్టమరు ఒక్కడే. మీ ఆవిడకి ఉద్యోగం గట్టి నేలలా కనిపిస్తోందేమో, అది గట్టిదేం కాదు. అలాగని గానుగలో దూకమనట్లేదు.

పాతకాపు
కస్టమరు ఒక్కడే అన్న మాట బాగుంది. కానీ ఆ ఒక్కడూ నెలనెలా ఠంచనుగా ఇస్తాడు కదండీ. నా టీ కొట్టు కస్టమర్లు 230 మంది, అందులో అరువు 40.

అనుమానం_పక్షి
అసలు ప్రశ్న ఎవరూ అడగట్లేదు. మూర్తి గారూ, మీకు నూనె ఇష్టమా, బాస్ మీద కోపమా? టీం మారితే ఈ పురుగు పోతుందేమో చూశారా?

మియాపూర్_మూర్తి
బాస్ మంచివాడే. అదే చిక్కు. కోపంతో అయితే ఎప్పుడో మానేసేవాణ్ణి. పక్షి గారు సూటిగా అడిగారు కాబట్టి చెప్తా. మొన్న మా వాడు స్కూల్లో "మా నాన్న పని" అని రాయాల్సొచ్చింది. నన్నడిగాడు. పది నిమిషాలు చెప్పా. వాడు అంతా విని "సరే గానీ, నువ్వు చేస్తే ఏం వస్తుంది నాన్నా, వస్తువు" అన్నాడు. చివరికి "మా నాన్న మీటింగులు చేస్తాడు" అని రాసుకెళ్ళాడు. టీచరు రైటు కొట్టింది.

కూకట్‌పల్లి_లలిత
టీచరు గారి భర్త కూడా ఐటీయేమో.

నిద్రలేని_మేనేజర్
నేను మా అమ్మాయితో "కంప్యూటర్లు బాగుచేస్తా" అని చెప్పేశా, అప్పట్నుంచి చుట్టాలంతా ప్రింటర్లు పట్టుకొస్తున్నారు.

గానుగ_కడప
మూర్తి అన్నా, ఆ మాట నాకర్థమైంది. మొదటిసారి గానుగ తిప్పినప్పుడు గంట సేపు రోలు పక్కనే నిలబడ్డా. ముందు పొడి, తర్వాత ముద్ద, చెంబుడు నీళ్ళు చిలకరించాక ముద్ద అంచున సన్నగా మెరుపు, తర్వాత ఒక్కసారి కారడం మొదలైంది. వేలు పెట్టి నాకా. పర్చేజ్ మేనేజరుగా కోట్ల సరుకు కొన్నా, ఒక్కటీ నాలిక మీద పెట్టుకోలేదు. అది బాగుంటుంది, కాదనను. కానీ ఆ బాగుండటం నలభై రోజులుంటుంది. నలభై ఒకటో రోజు నుంచి గుండ్ల కోసం తిరగడమే.

గుండ్లంటే గుర్తొచ్చింది, ఎక్కడ కొంటావు? మా దగ్గర కదిరి 6 రకం బాగా నడుస్తుంది. హైదరాబాదు అంటున్నావు కాబట్టి వనపర్తి, అచ్చంపేట వైపు యాసంగి పంట చూసుకో, మార్కెట్టుకి వచ్చినప్పుడు వెళ్ళి చేత్తో పట్టుకుని కొను. తేమ ఎక్కువున్న కాయ కొంటే నూనె తక్కువ, బూజు విషం ఎక్కువ. వాట్సాప్‌లో ఫోటో చూసి కొనకు. నేను ఒకసారి కొన్నా, పైన రెండు చేతుల మందం మంచివి, కింద బస్తా అంతా ముడతలు పడ్డవి.

ఇంకో సంగతి. లీటరంటే 910 గ్రాములు, కిలో కాదు. లేబుల్ మీద సరిగ్గా రాయించు. నూనె విడిగా పోసి అమ్మకు, ప్యాక్ చేసే అమ్మాలి, మీ అపార్ట్‌మెంటు వాళ్ళు స్టీలు క్యాను తెచ్చి పట్టినా సరే.

బెజవాడ_బాబాయ్
రోజుకి 40 లీటర్లు అన్నాడు కదా. ఇంటికి నెలకి నాలుగు లీటర్లు వేసుకున్నా 260 ఇళ్ళు కావాలి తమ్ముడూ, నెల తప్పకుండా. పులిహోర తిని అడిగినవాళ్ళు పదకొండు. ఆ పదకొండులో డబ్బిచ్చి కొన్నవాళ్ళు ఎందరు?

మియాపూర్_మూర్తి
చిన్నాన్న దగ్గర ఇరవై లీటర్లు తెప్పించి ఇచ్చా. డబ్బిచ్చినవాళ్ళు ఏడుగురు. రెండోసారి అడిగినవాళ్ళు ముగ్గురు.

అనుమానం_పక్షి
260కి 257 తక్కువ.

సీఏ_సుబ్బు
ఒక హెచ్చరిక. ఉద్యోగంలో ఉంటూ పక్కన చేద్దామని ఎవరో ఒకరు సలహా ఇస్తారు, ఇంకా ఇవ్వలేదు గానీ ఇస్తారు. ముందు మీ అపాయింట్‌మెంట్ లెటర్ తీసి చదవండి. చాలా ఐటీ కంపెనీల్లో రాతపూర్వక అనుమతి లేకుండా వేరే ఆదాయ వ్యాపారం చేయకూడదని ఉంటుంది. భార్య పేరు మీద పెట్టేస్తే సరిపోతుందని అందరూ అంటారు. ఆవిడ నిజంగా నడిపితే సరిపోతుంది. పేరుకి మాత్రమే అయితే రేపు బ్యాంకులోనూ పన్ను దగ్గరా సంతకాలు పెట్టి చిక్కుల్లో పడేది ఆవిడ.

నిద్రలేని_మేనేజర్
నేను సరిగ్గా ఆ సలహానే టైప్ చేస్తున్నా. తుడిపేశా.

కూకట్‌పల్లి_లలిత
మూర్తి గారూ, నేనడిగింది ఇంకా చెప్పలేదు మీరు. ఆవిడ భయం దేనికి?

మియాపూర్_మూర్తి
నిన్న రాత్రి అడిగా మేడమ్. ఈ థ్రెడ్ మొత్తం చదివించా, బర్రె జోకులతో సహా. ఆవిడ డబ్బు గురించి ఎత్తలేదు. "మీరు ఇంట్లో లాప్‌టాప్ ముందు కూర్చునే మనిషి, నాలుగు రోజులయ్యాక బస్తాలు ఎవరు మోస్తారు, అమ్మాయి ఎంసెట్ ఏడాది షెడ్డులో నేను కూర్చోవాల్సొస్తుంది" అంది. నేను కాదనబోయి ఆగిపోయా. జిమ్ము, గిటారు, మిద్దె మీద టమాటా కుండీలు, ఆవిడ దగ్గర సాక్ష్యాలు చాలా ఉన్నాయి.

మానిపించినవాడు
గిటారు మా ఇంట్లోనూ ఉంది. రెండు తీగలు లేవు.

మియాపూర్_మూర్తి
అందుకని ఇలా అనుకున్నాం. ఇప్పుడు రిజైన్ చేయట్లేదు. నాకు 38 రోజుల సెలవు మిగిలుంది, అందులో ఇరవై ఒకేసారి పెట్టి, కడప అన్న ఒప్పుకుంటే ఆయన గానుగలో పనిచేస్తా, జీతం వద్దు, ఒకటో రోజు నుంచి బస్తాలు నేనే మోస్తా. హెల్త్ పాలసీ ఈ వారమే తీసుకుంటున్నా. హోమ్ లోన్ ఓవర్‌డ్రాఫ్ట్‌కి మార్చమని అడిగా. అమ్మాయి ఇంటర్ అయ్యేదాకా, అంటే ఇంకో ఏడాదిన్నర, ఉద్యోగం ఉంటుంది, వాళ్ళు ఉంచితే. ఆలోపు ఫ్రిజ్ మీద కాగితం రాయాలి, అంకె దగ్గర ఇంకా తేలలేదు, నేను పన్నెండు లక్షలంటే ఆవిడ ఆరంటోంది.

గానుగ_కడప
రా అన్నా. మా ఇంట్లోనే ఉండొచ్చు, మా అమ్మ రాగిసంకటి చేస్తుంది. కాకపోతే పొద్దున అయిదున్నరకి లేవాలి. బస్తా యాభై కిలోలు, నడుముకి బెల్టు తెచ్చుకో. ఫోటోలు తీసుకో గానీ లింక్డ్‌ఇన్‌లో పెట్టకు, మీ హెచ్ఆర్ చూస్తుంది.

పాతకాపు
ఇరవై రోజులు పూర్తిగా ఉంటే ఇక్కడ రాయి. మధ్యలో వచ్చేసినా రాయి, అది ఇంకా పనికొస్తుంది.

బెజవాడ_బాబాయ్
ఆరు, పన్నెండు అంటున్నారు కాబట్టి తొమ్మిదికి తెగుతుంది. లలితమ్మ కాగితం జిరాక్స్ తీయించుకో.

శామీర్‌పేట_పాడి
మొదటిసారి రాస్తున్నా ఇక్కడ. పదకొండు బర్రెలున్నాయి నాకు. నూనె సంగతి మీరు మీరు చూసుకోండి. పల్లి చెక్క ఎప్పట్నుంచి దొరుకుద్ది, కిలో 40 అంటే బస్తా లెక్కన ఏమన్నా తగ్గిస్తరా?